రెండొందల పన్నెండు మందినీ అడిగాం

జూన్ 14

ఈ పుస్తకం నేను చేత్తో రాయాలని చట్టంలో ఉంది. లేకపోతే నేను పెన్ను పట్టే మనిషిని కాను. నాది ఈత. మా బడిలో పిల్లలందరికీ ఈత నేర్పేది నేనే.

పొద్దున ఐదున్నరకి వచ్చేసరికి గాలికి నీళ్ల మీద తేలే మా బడి తూర్పు మూల రెండు గజాలు జరిగి ఉంది. తాళ్లు బిగించాను. కింది డ్రమ్ముల్లో చేరిన నీళ్లు తోడాను. ఎనిమిదో తరగతి గది కింద ఇరుక్కున్న నాచుని గెడతో నెట్టేసరికి ఏడయింది. అప్పటికే పిల్లల తొక్కుడు పడవలు రేవు నిండా గుద్దుకుంటున్నాయి. సముద్రం కొల్లేట్లో కలిసిపోయాక పుట్టిన పిల్లలు వీళ్లు. నేల మీద నడిస్తే తూలతారు, నీళ్ల మీద పరిగెడతారు.

ఆరో తరగతి వాళ్లని నీళ్లలోకి దింపాను. నేను నీళ్లలో ఉండగానే పైన స్టాఫ్ మీటింగ్ అయిపోయింది. తల తుడుచుకుంటూ వెళ్తే హెడ్మాస్టర్ గరుడాచలం గారు నా తడి చేతుల్లో ఒక ఫైలు పెట్టారు.

"ఎస్తేరమ్మగారూ, అభినందనలు. మన బడికి తోడు టీచర్ మీరే. ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం."

"అందరూ నన్నే అన్నారాండీ?"

"మీటింగుకి రానిది మీరొక్కరే కదండీ."

ఫైల్లో ఉన్నది కొత్త చట్టం. ప్రతి ప్రభుత్వ పాఠశాలకీ ఆత్మహత్యల నివారణకి ఒక లిఖిత విధానం ఉండాలి. దాన్ని పిల్లలతో, తల్లిదండ్రులతో కూర్చుని ఆ బడే రాసుకోవాలి. ప్రతి బడిలో 'తోడు టీచర్'గా శిక్షణ పొందిన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి జరిగింది జరిగినట్టు, పిల్లల అసలు పేర్లు బయటపెట్టకుండా, ఇలా రాస్తూ ఉండాలి. ఆగస్టు నెలాఖరుకి తనిఖీ.

ఏడేళ్లుగా ఈ పని పిల్లల చేతిపట్టీలు చేస్తున్నాయి. నాడి, నిద్ర, గొంతు చూసుకుని, బాగుంటే పచ్చగా వెలుగుతాయి. పసుపయితే గమనించమని, ఎరుపయితే పరిగెత్తమని. ఏడేళ్లలో మా బడిలో ఎరుపు వెలగలేదు. రెండేళ్ల కిందట వేరే జిల్లాలో ఒక బడిలోనూ వెలగలేదు. అక్కడొక పిల్లవాడు పోయాడు. ఆ రోజంతా వాడి పట్టీ పచ్చగానే ఉందట. వాళ్లమ్మ ఊరూరా తిరిగి, మనిషిని మనిషే అడగాలని పట్టుబట్టి ఈ చట్టం తెచ్చింది.

చదివాక ఫైలు ఎండలో ఆరబెట్టాను. అన్నం తినబుద్ధి కాలేదు. నీళ్లలో మునిగేవాళ్లని పైకి లాగడం నాకు వచ్చు. ఇది రాదు.

జూన్ 29

ఒడ్డుకి వెళ్లి రెండు రోజుల శిక్షణ పూర్తి చేసుకొచ్చాను. నేర్పింది డాక్టర్ షమీమ్ గారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. మానసిక వైద్యం చేస్తారు. ఆస్పత్రి లాంచీలో వారానికోసారి మా లంకలన్నీ తిరుగుతారట.

ముప్ఫై మంది టీచర్లం. ఒకరి ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టి, కళ్లలోకి చూస్తూ "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడగమన్నారు. మొదటి రోజు ఒక్కరి నోరూ పెగల్లేదు. ఒకాయనకి ఎక్కిళ్లొచ్చాయి. నా జోడీ లెక్కల టీచరు "మీకు ఏమైనా... అలాంటివి... ఇలాంటివి..." అని ఆగిపోయింది.

"ఎలాంటివండీ? జంతికలా?" అన్నారు షమీమ్ గారు. అందరం పడీ పడీ నవ్వాం. ఆ నవ్వు తర్వాతే మాట బయటికొచ్చింది.

నేను లేచి నా భయం అడిగేశాను. "లేనిపోనిది మనమే పిల్లల బుర్రలో పెట్టినట్టు కాదాండీ?"

"అడిగితే పుట్టదమ్మా. అడగకపోతే పోదు. ఆ ఆలోచన లోపల ఉన్నవాళ్లకి, ఎవరో ఒకరు ఆ మాట పైకి అన్నారని తెలిస్తే సగం బరువు దిగుతుంది."

ఇంకా మూడు నేర్పారు. రహస్యంగా ఉంచుతానని మాటివ్వొద్దు. ఒంటరిగా వదలొద్దు. తప్పయినా ఒప్పయినా ముందు వినాలి, నీతులు తర్వాత కూడా వద్దు.

తిరుగు ప్రయాణంలో పడవ అంచున కూర్చున్న గూడబాతుని అడిగి సాధన చేశాను. అది కాసేపు నన్ను చూసి మొహం తిప్పుకుంది.

జూలై 8

విధాన కమిటీ మొదటి సమావేశం. తరగతికి ఇద్దరు పిల్లలు, నలుగురు తల్లులు, ఒక తాతగారు. వంటావిడ నూకాలమ్మ ఎవరూ పిలవకపోయినా వచ్చి కూర్చుంది. "పిల్లల సంగతి నా దగ్గర తేలకుండా ఎక్కడ తేలుద్దీ?" అంది. నిజమే, ఆకలి లేని పిల్లని మొదట చూసేది ఆవిడే.

గరుడాచలం గారు నలభై ఆరు పేజీల చిత్తుప్రతి తెచ్చారు. పాపం, మూడు వారాలు కష్టపడ్డారు. పది నిమిషాలు చదివాక ఆరో తరగతి జ్ఞానమణి చెయ్యెత్తింది. ఆ పిల్ల గొంతు అవతలి లంకకి వినిపిస్తుంది.

"సార్, ఇందులో 'పిల్లలు' అని ఎన్నిసార్లుందండీ?"

లెక్కపెట్టారు. నాలుగుసార్లు ఉంది. 'రిజిస్టర్' అరవై ఒక్కసార్లు.

హెడ్మాస్టర్ గారు కాగితాలు సర్దుకుని గదిలోకి వెళ్లిపోయారు. మధ్యాహ్నం నూకాలమ్మ రొయ్యల కూర గిన్నె పట్టుకెళ్లింది. ఆయన రెండోసారి కూడా వడ్డించుకుని, మూతి తుడుచుకుంటూ బయటికొచ్చి, "సరే, మీరే రాయండి. అక్షరదోషాలు మాత్రం నేను చూస్తా" అన్నారు.

పిల్లల మొదటి కోరిక ప్రశ్నల పెట్టె. పేరు రాయక్కర్లేదు. హెడ్మాస్టర్ గది ముందు పెడితే ఎవరూ వేయరని, వంటగది గుమ్మానికి కట్టారు. సాయంత్రానికి ఏడు చీటీలు. అందులో మూడు, గుడ్డు రోజూ ఎందుకు పెట్టరని.

జూలై 15

ఇవాళ పెట్టెలో పందొమ్మిది చీటీలు. పదకొండోది ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"నేను లేకపోతే ఇంట్లో అందరికీ ఒక కష్టం తగ్గుతుంది అనుకునేవాళ్ల గురించి కూడా విధానంలో రాస్తారా?"

నోటితో చెప్తే అచ్చుకొట్టే యంత్రంలో తీసిన చీటీ. చేతిరాత లేదు. వేలిముద్రలు వెతకడానికి నేను పోలీసుని కాదు.

పట్టీల పట్టిక తీసి చూశాను. రెండొందల పన్నెండు మంది. రెండొందల పన్నెండూ పచ్చ.

షమీమ్ గారికి ఫోన్ చేశాను. "ఆ పిల్లకో పిల్లవాడికో రేపు పొద్దున్నే జవాబు వినిపించాలి. అందరి ముందూ, పేరు లేకుండా. తర్వాత అందరినీ అడగండి. ఒక్కరినీ వదలొద్దు" అన్నారు. ఏ గంటకైనా ఫోనెత్తే సహాయ కేంద్రం నంబరు ప్రతి గదిలో అంటించమన్నారు. సాయంత్రంలోగా అంటించాం. నూకాలమ్మ అన్నం డేగిసా మీద కూడా అంటించింది.

జూలై 16

ప్రార్థన కాగానే నేను ముందుకొచ్చి చెప్పాను. ఈత నేర్పేటప్పుడు అరిచే గొంతు కాకుండా మామూలు గొంతుతో చెప్పాలని చాలా ప్రయత్నించాను.

"నిన్న ఒకరు పెట్టెలో ఒక ప్రశ్న వేశారు. జవాబు ఇదీ. రాస్తాం. మొదటి పేజీలోనే రాస్తాం. నువ్వు ఎవరికీ కష్టం కాదు. అలా అనిపించడం మాత్రం పెద్ద కష్టమే, ఒక్కరే మోసేది కాదు. నా పడవ ఏడో నంబరు. ఎప్పుడైనా వచ్చి ఎక్కు."

రెండొందల మంది ఉన్నచోట కింద నీళ్ల చప్పుడు వినిపించింది.

తర్వాత హెడ్మాస్టర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. "అందరినీ ఒక్కొక్కర్నీ అడుగుతారా? ఆ మాటే? తల్లిదండ్రులు మీద పడతారండీ. ఏడేళ్లుగా ఎరుపు రాలేదు కదా మనకి."

"చీటీ వచ్చింది కదండీ."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ముందు మిమ్మల్నే అడుగుతాను. ఈ మధ్య మీకు బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచారు. చాలాసేపు తుడిచారు. "లేదమ్మా. మోకాళ్ల నొప్పులున్నాయి. మా ఆవిడ పోయాక ఇల్లు పెద్దదైపోయింది. కానీ లేదు." అద్దాలు పెట్టుకున్నారు. "అడిగితే బాగానే ఉందే."

ఆయనే సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచి, ఎందుకడుగుతున్నామో విడమర్చి చెప్పారు. ఒకరిద్దరు గొణిగారు. ఎక్కువమంది, మా వాణ్ణి ముందు అడగండి అన్నారు.

జూలై 22

ఆరు రోజుల్లో అందరూ అయ్యారు. నేను, హెడ్మాస్టర్ గారు, నూకాలమ్మ పంచుకున్నాం. వాళ్లిద్దరికీ రెండు పూటలు శిక్షణ ఇచ్చాను. నూకాలమ్మకి అక్కర్లేకపోయింది. బఠాణీలు ఒలవడానికి పిల్లల్ని పిలిచి, చేతులు పనిలో ఉండగా అడిగేది.

నేను పడవలో ఒక్కొక్కరినీ ఎక్కించుకుని బడి చుట్టూ ఒక చుట్టు తిప్పి అడిగాను. ఎన్ని రకాల జవాబులో! ఒకడు, "అనిపించలేదు టీచర్, కానీ సైన్స్ సార్‌తో చూపు కలిస్తే కొంచెం అనిపిస్తుంది" అన్నాడు. జ్ఞానమణి, "నాకు నూట ఇరవై ఏళ్లు బతకాలనుంది, కుదురుతుందాండీ?" అంది. ఏడో తరగతి కవలల్లో ఒకడు, "వాడేం చెప్పాడు?" అని అడిగాడు.

నవ్వులాట కానివీ ఉన్నాయి. నలుగురు పిల్లలు ఏడ్చారు. ఒకడి కుక్క పోయింది. ఒక పిల్లని తోటివాళ్లు నెల రోజులుగా వెలేశారు. ఇద్దరి ఇళ్లలో గొడవలు. ఈ నలుగురికీ షమీమ్ గారి లాంచీలో సమయం తీసుకున్నాం. ఇవేవీ పట్టీల్లో పసుపు కూడా కాలేదు.

కానీ నలుగురూ ఆ చీటీ తాము వేయలేదన్నారు. మిగతా రెండొందల ఎనిమిది మందికీ 'లేదు' అని టిక్కు పెట్టి ఉంది.

చీటీ ఇంకా నా జేబులోనే ఉంది.

ఆగస్టు 2

పదకొండు రోజులుగా రాయలేదు. రాయడానికి ఒప్పుకోవలసిన మనిషి ఇవాళ ఒప్పుకుంది. ఈ పుస్తకంలో ఆ పిల్ల పేరు వరాలు. "మా నాయనమ్మ పేరు టీచర్, వాడుకోండి, ఆవిడ ఏమీ అనదు" అంది.

వరాలు పదో తరగతి. ఎవరి గొంతయినా దించేస్తుంది. హెడ్మాస్టర్ గారి దగ్గుతో సహా. ఆ పిల్ల ఉన్నచోట పది మంది నవ్వుతుంటారు. నా పడవెక్కినప్పుడు, నేను నోరు తెరవకముందే నా గొంతుతో మొదలెట్టింది. "చూడమ్మా, ఈత వచ్చినా రాకపోయినా నువ్వు నాకు ముఖ్యం. చచ్చిపోవాలనిపిస్తోందా? ముందు ఊపిరి పీల్చుకుని చెప్పు!" నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూనే టిక్కు పెట్టాను.

జూలై 23న, మధ్యాహ్నం మూడు గంటలకి, పిల్లలు వెళ్లాక తేలుడు జాకెట్లు తీగ మీద ఆరేస్తున్నాను. వాన పట్టేలా ఉంది. పట్టికలో పేర్లు మనసులో తిప్పుకుంటున్నాను, ఎవరు ఎలా చెప్పారో గుర్తుచేసుకుంటూ. వరాలు దగ్గర ఆగిపోయాను. ఆ పిల్ల అడిగింది. నేను నవ్వాను. జవాబెవరూ చెప్పలేదు.

జాకెట్లు అక్కడే వదిలేసి పడవెక్కాను. నూకాలమ్మ గుమ్మంలోంచి, "వానొత్తందమ్మా!" అని అరిచింది. షమీమ్ గారికి ఫోన్ చేయమని ఆవిడకి చెప్పి తొక్కడం మొదలెట్టాను. వరాలు వాళ్ల తెప్ప ఇల్లు నలభై నిమిషాల దూరం. ఇరవై ఐదులో చేరాను. ఇరవై ఏళ్ల కిందట పడవ పోటీల్లో కూడా అంత వేగం పోలేదు.

వరాలు ఇంటి వెనక పంజరాల దగ్గర ఒక్కతే ఉంది, పీతలకి మేత వేస్తోంది. నన్ను చూసి హెడ్మాస్టర్ గొంతుతో, "ఏవండీ ఎస్తేరమ్మగారూ, వానలో షికారా?" అంది.

నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. పక్కన కూర్చున్నాను. ఇద్దరి మీదా వాన పడుతోంది.

"నిన్న నిన్ను ఒకటి అడగబోయి నవ్వేశాను. నా తప్పు. ఇవాళ మళ్లీ అడుగుతాను. నువ్వు నీ గొంతుతో చెప్పు. చచ్చిపోవాలని అనిపిస్తోందా వరాలూ?"

ఆ పిల్ల మేత బుట్టలో చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. తర్వాత, నేను ఇంతవరకూ వినని చిన్న గొంతుతో, "అనిపిస్తుంది టీచర్" అంది.

"చీటీ నీదేనా?"

తలూపింది.

"చెప్పినందుకు చాలా సంతోషం. నేనెక్కడికీ వెళ్లను."

ఆ మాటతో ఏడుపు తన్నుకొచ్చింది పిల్లకి. నేను భుజం పట్టుకుని కూర్చున్నాను. తర్వాత చెప్పింది. ఒక కారణం అని లేదు. మూడు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. ప్రాణస్నేహితురాలి కుటుంబం ఒడ్డుకి వెళ్లిపోయింది. ఏప్రిల్ తుఫానులో తను కట్టిన తాడు ఊడి చేపల పంజరాలు రెండు కొట్టుకుపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే మోయలేకపోయింది. "అందర్నీ నవ్విస్తాను కదా, ఇంటికొచ్చాక ఇంక ఏమీ మిగలదు టీచర్" అంది.

పట్టీ పచ్చగా ఎలా ఉందని అడిగాను. కళ్లు తుడుచుకుని కొంచెం సిగ్గుపడింది. "మీరు నేర్పారుగా, దూకేముందు ఊపిరి నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదలమని. అలా చేస్తే నాడి నెమ్మదిస్తుంది. రాత్రంతా అలాగే పడుకుంటే నిద్రనుకుంటుంది. గొంతేమో మార్చుకుంటాను. దానికేం తెలుసు?"

ఏడేళ్లుగా ఆ యంత్రాన్ని మోసం చేసే విద్య నేనే నేర్పుతున్నానన్నమాట.

"ఇది అమ్మానాన్నలకి చెప్పాలి. నేను దాచను. కానీ నీ పక్కనే కూర్చుని చెప్తాను. మొదటి మాట నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"మీరు" అంది.

వాళ్ల నాన్న పోతురాజు తెప్పలు కట్టే మనిషి. తక్కువ మాట్లాడతాడు. అమ్మ వెంకాయమ్మ నాకు తల తుడుచుకోవడానికి తువ్వాలిచ్చి కూర్చుంది. నేను చెప్పాను. నీళ్లు నమలకుండా, ఆ మాటతోనే చెప్పాను.

పోతురాజు దిగ్గున లేచాడు. "మా పిల్లా? ఎప్పుడూ నవ్వుతానే ఉంటాదిగదండీ! ఎవరన్నారీ మాట?"

"నేనే నాన్నా" అంది వరాలు. "నేను లేకపోతే మీకో బరువు తగ్గుద్దనిపించింది."

ఆయన వచ్చి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. తారు అంటిన పెద్ద చేతులు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఆమె పాదాల మీద పెట్టాడు.

"బరువు తగ్గుద్దా? ముప్ఫై ఏళ్లుగా తెప్పలు కడతన్నానమ్మా. బరువు లేని తెప్ప ఎప్పుడన్నా నీళ్ల మీద నిలబడిందా? మొదటి గాలికే బోల్తా కొట్టుద్ది. నువ్వు మాకు బరువే తల్లీ. నువ్వుండబట్టే ఈ ఇల్లు నిలబడింది."

వెంకాయమ్మ పిల్లని ఒళ్లోకి లాక్కుంది, పదిహేనేళ్ల పిల్లని, చంటిదాన్ని లాక్కున్నట్టు. "ఆ పంజరాలు పోయినియ్యి ఎప్పుడు మర్చిపోయాన్నేను! నీకంత లోపలుంటే ఒక్కమాట చెప్పవే" అని ఏడుస్తూ తిట్టింది.

ఐదున్నరకి షమీమ్ గారి లాంచీ వచ్చింది. ఆవిడ వరాలు ఒక్కర్తెతో గంటసేపు మాట్లాడారు. తర్వాత ఇంట్లో ప్రమాదమైనవి ఏమున్నాయో చూసి అన్నీ పెట్టెలో పెట్టించి, తాళంచెవి వెంకాయమ్మ మెడలో వేయించారు. వరాలు చేతే ఒక కాగితం రాయించారు. మనసు చీకటయ్యేముందు తనకి కనిపించే గుర్తులు, అప్పుడు చేయగలిగిన చిన్న పనులు, పిలవాల్సిన మనుషులు. మనుషుల దగ్గర మొదట ఇద్దరి పేర్లు రాసి, కాసేపాగి ఇంకా ముగ్గుర్ని రాసింది. ఒడ్డుకెళ్లిన స్నేహితురాలి పేరు చూసి షమీమ్ గారు, "మరి ఈవిడకి ఇప్పుడే ఫోన్ చేద్దామా?" అన్నారు. అవతల ఆ పిల్ల గొంతు విన్నాక మొదటిసారి వరాలు భుజాలు కిందికి దిగాయి.

పది రోజులు ఇంట్లోనే. నేనో నూకాలమ్మో రోజూ వెళ్లాం. షమీమ్ గారు నాలుగుసార్లు వచ్చారు. నిద్రకి మందిచ్చారు. నిన్న ఏడు గంటలు పడుకుందట. ఆ మాట చెప్పడానికి పోతురాజు పొద్దున్నే పడవేసుకుని బడికొచ్చాడు. చెప్పి, పకోడీలు తిని వెళ్లాడు.

ఆగస్టు 11

రేపు వరాలు బడికొస్తుంది. తిరిగి రావడం గురించి కమిటీలో మాట్లాడుకోవచ్చని తనే అంది. "ఒంట్లో బాగోక రాలేదు" అని చెప్పమంది. అది అబద్ధం కూడా కాదు.

ఒంట్లోనో మనసులోనో బాగోక బడి మానినవాళ్లు తిరిగొస్తే ఏం చేయాలని కమిటీని అడిగాను. పెద్దవాళ్లం దండ వేద్దామనీ, స్వాగతం పలుకుదామనీ అన్నాం. పిల్లలు మా వంక జాలిగా చూశారు.

"అలా చేస్తే నేనయితే తిరిగి పారిపోతా" అంది జ్ఞానమణి. "వాళ్ల బెంచీ వాళ్లకి ఉంచాలి. పక్కవాళ్లు నోట్సు ఇవ్వాలి. అంతే. మామూలుగా ఉండాలి. కానీ మామూలుగా ఉన్నట్టు నటించకూడదు."

ఆ వాక్యం అలాగే విధానంలో రాశాం. హెడ్మాస్టర్ గారు అక్షరదోషాలు చూసి, "ఒక్కటీ లేదు" అని సంతకం పెట్టారు. మొత్తం ఆరు పేజీలు. మొదటి పేజీలో మొదటి వాక్యం: 'మేము అడుగుతాం, నువ్వు ఏం చెప్పినా వెళ్లిపోం.' ప్రతి నెలా పిల్లలందరినీ ఎవరో ఒక మనిషి అడగాలన్నది రెండో పేజీ. ఎవరు అడగాలో పిల్లలే ఎంచుకుంటారు. జోకుని జవాబుగా లెక్కపెట్టకూడదన్నది నేను రాసిన ఒకే ఒక్క నిబంధన.

ఆగస్టు 29

తనిఖీ అయింది. వచ్చినావిడ జోహరా బేగం గారు. తెల్ల చీర, నల్ల సంచి, నవ్వని మొహం. హెడ్మాస్టర్ గారు పొద్దుట్నించి మూడుసార్లు తల దువ్వుకున్నారు.

ఆవిడ విధానం చదివారు. ఈ పుస్తకం తిరగేశారు. తర్వాత అన్నీ పక్కన పెట్టేసి, వరండాలో కనబడ్డ పది మంది పిల్లల్ని ఆపి ఒకటే అడిగారు. "నీకు బతుకు మీద విరక్తిగా ఉంటే ఎవరికి చెప్తావ్?" ఆలోచించకుండా ఒక పేరు చెప్పగలగాలి. తనిఖీలో అసలు పరీక్ష అదేనట, మాకు తెలియదు.

మొదటివాడు "నూకాలమ్మగారికండి" అన్నాడు. రెండోది, "ఈత టీచర్‌కి." మూడోవాడు వాళ్ల పిన్ని పేరు చెప్పాడు. "నూకాలమ్మ", మళ్లీ "నూకాలమ్మ". ఆవిడ వంటగదిలోంచి గరిటె పట్టుకునే తొంగి చూస్తోంది. కవలల్లో ఒకడు "వాడికి", రెండోవాడు "వీడికి, వీడు సరిపోకపోతే టీచర్‌కి". పదో పిల్ల ఎనిమిదో తరగతి. ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడదు.

"హెడ్మాస్టర్ గారికి" అంది. "సార్ అడిగినప్పుడు కళ్లద్దాలు తీసి విన్నారు."

గరుడాచలం గారు ఏదో ఫైలు మర్చిపోయినట్టు గబగబా గదిలోకి వెళ్లిపోయారు. ముక్కు చీదిన చప్పుడు రేవుదాకా వినిపించింది. జోహరా బేగం గారు అప్పుడు నవ్వారు. భోజనానికి కూడా ఉన్నారు. వెళ్లేముందు నూకాలమ్మని పక్కకి పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఏమిటని అడిగితే, "ఆవిడ్నీ ఆ మాటే అడిగాన్లే" అంది నూకాలమ్మ. ఇంకేమీ చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

అక్టోబర్ 3

ఇవాళ బడిని చలికాలపు రేవుకి లాగాం. ఏటా ఈశాన్యపు గాలి పట్టకముందే నాలుగు కిలోమీటర్లు లాగాలి. మోటార్లున్నాయి, కానీ పిల్లలు ఒప్పుకోరు. రెండొందల పన్నెండు మంది, తల్లులు, తండ్రులు, అరవై తెడ్డు పడవలు, అరవై తాళ్లు. ఎండ చక్కగా కాసింది. బడి, బ్లాక్‌బోర్డులతో, బెంచీలతో, మిద్దె మీద కూర్చుని జంతికలు పంచుతున్న నూకాలమ్మతో సహా, పెళ్లికూతురిలా నెమ్మదిగా కదిలింది.

వరాలు నా ముందు పడవలో ఉంది. బాగుందా అంటే, చాలా రోజులు బాగుంది. పోయిన వారం రెండు రోజులు బాగోలేదు. కాగితం తీసి, స్నేహితురాలికి ఫోన్ చేసి, తర్వాత నా పడవెక్కింది. షమీమ్ గారి దగ్గరికి పక్షానికోసారి వెళ్తోంది. ఇంకా చాలాకాలం వెళ్తుంది. అలా వెళ్లడం జ్వరం వస్తే వెళ్లడంలాంటిదేనని ఇప్పుడు వాళ్ల నాన్న పది మందికి చెప్తున్నాడు.

సగం దూరం వచ్చాక తాళ్లు చిక్కుపడ్డాయి. ఆ గందరగోళంలో ఇద్దరు తండ్రులు నీళ్లలో పడ్డారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టర్ గారు మైకులో ఏదో క్రమశిక్షణ చెప్పబోయి దగ్గారు. ఈసారి ఆయన దగ్గుని ఎవరూ దించలేదు. వరాలు పడవలో వెనక్కి వాలి, ఎవర్నీ నవ్వించకుండా, తనే కళ్లెంబడి నీళ్లొచ్చేలా నవ్వుతోంది.

కొత్త రేవు చేరి తాళ్లు కట్టాక నా దగ్గరికొచ్చింది. అరచేతులు చూపించింది, బొబ్బలు.

"టీచర్, ఈ తెడ్డు నాకు పొట్టిదైపోయింది. వంగి వంగి నడుం పోయింది. జూన్ నుంచి రెండంగుళాలు పెరిగాను. వచ్చే ఏడు లాగేటప్పటికి నాకు పొడుగు తెడ్డు కావాలి. ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను, అప్పుడు లేదంటే ఊరుకోను."

"రాసుకుంటాను" అన్నాను.

"ఇప్పుడే రాయండి, మీరు మర్చిపోతారు" అని అక్కడే నిలబడింది.

స్టోరు పుస్తకం తెప్పించి ఆమె ఎదురుగా రాశాను. వచ్చే అక్టోబరుకి, పొడుగు తెడ్డు, ఒకటి. ఆమె వంగి చదివి, నా చేతిలో పెన్ను తీసుకుని 'ఒకటి' కొట్టేసి 'రెండు' అని దిద్దింది. ఒకటి విరిగితే ఎలాగట.